బడిలో వంటల పండుగ: ఎవరి వంట ఎవరు చేయాలి?

పటమట అమ్మ

అందరికీ నమస్కారం. మా అమ్మాయి విజయవాడ పటమటలోని ఒక ప్రైవేటు బడిలో ఐదో తరగతి చదువుతోంది. జనవరి చివరి శనివారం నాడు, ఉదయం పదిన్నర నుంచి మధ్యాహ్నం ఒంటిగంటన్నర వరకు, బడి ఆవరణలో వివిధ ప్రాంతాల వంటకాలతో ఫుడ్ ఫెస్టివల్ పెడుతున్నారు. పిల్లలే నాలుగు వందల మంది దాకా ఉంటారు. వారి వెంట పెద్దలు ఎందరు వస్తారో ఎవరూ చెప్పలేకపోతున్నారు. తల్లిదండ్రుల సమావేశంలో టీచరుగారు "ఎవరైనా సాయం చేయగలరా" అని అడిగితే, గంటసేపు గరిటె పట్టుకుని వడ్డించి రావడమే కదా అనుకుని చేయెత్తాను. ఆ చెయ్యి దించేలోపే మా సెక్షను స్టాలు బాధ్యత మొత్తం నాదైపోయింది.

అసలు చిక్కు ఇది. ఏ సెక్షను ఏ రాష్ట్రపు వంటలు పెట్టాలో బడివారే నిర్ణయించి పంపారు. మాకు పంజాబ్ వచ్చింది. మా సెక్షనులో ఉన్న 38 మంది పిల్లల్లో పంజాబీ కుటుంబం ఒక్కటీ లేదు. రైల్వేలో పనిచేసే ఒడియా కుటుంబం ఒకటి ఉంది. వన్‌టౌన్‌లో వ్యాపారం చేసుకునే మార్వాడీ కుటుంబాలు రెండు, మంగళగిరి ఎయిమ్స్‌లో నర్సుగా ఉన్న ఒక మలయాళీ తల్లి, బీహారు నుంచి వచ్చి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రిగారి కుటుంబం, ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే కుటుంబాలు మూడు ఉన్నాయి. మిగిలినవారమందరం తెలుగువాళ్ళం.

మొన్న రాత్రి తరగతి వాట్సాప్ గ్రూపులో ఒడియా ఆవిడ "నేను దహీబరా, ఆలూదమ్ చేసి తేవచ్చునా" అని హిందీలో అడిగారు. ఐదు నిమిషాలు గడవకముందే మరొక తల్లి "మనది పంజాబ్ కదండీ" అని జవాబు పెట్టారు, దాని కింద ఏడెనిమిది బొటనవేలి గుర్తులు వరుసగా పడ్డాయి. కాసేపటికి ఒడియా ఆవిడ తన సందేశాన్ని తీసేశారు. సందేశం ఉండవలసిన చోట బూడిదరంగులో మిగిలిన ఆ ఖాళీ గడిని చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఇప్పుడు గ్రూపులో ఎక్కువమంది చెబుతున్నది ఏమిటంటే, బెంజి సర్కిల్ దగ్గర ఏదైనా హోటలుకు పనీరు బటర్ మసాలా, నాన్ ఆర్డరు ఇచ్చి, పిల్లలకు అద్దె తలపాగాలు కట్టించి నిలబెడితే పని తేలికగా అయిపోతుందని. అట్లా చేయడం నాకు నచ్చడం లేదు, కానీ బడివారి మాట కాదనే ధైర్యమూ చాలడం లేదు. ఇంతకుముందు ఈ పని చేసినవారు చెప్పండి: స్టాలు ఎవరి వంటలతో పెట్టడం సబబు? ఇంటి వంట అయితే ఎంత వండాలి, పాడవకుండా ఎట్లా నిలపాలి? ఆరో తరగతిలో పల్లీలు పడని బాబు ఒకడు ఉన్నాడని కూడా విన్నాను, ఆ సంగతి తలుచుకుంటే మరింత భయంగా ఉంది.

బ్రాడీపేట నాన్న

అమ్మా, నేను గుంటూరువాణ్ణి. మా పిల్లల బడిలో మూడేళ్ళు వరుసగా ఈ బరువు మోశాను కనుక తెలిసినంత చెబుతాను.

అన్నిటికంటే ముందు ఆ ఒడియా ఆవిడకు మీరే ఫోను చేయండి. గ్రూపులో వద్దు. పదిమంది ముందు వెనక్కి తీసుకున్న మాటను ఆ పదిమంది ముందే మళ్ళీ అనిపించడం ఎవరివల్లా కాదు. ఆవిడ అడిగిన వంట కూడా చిన్నది కాదు. కటక్‌లో సైకిలుకు రెండు వైపులా పెద్ద పాత్రలు కట్టుకుని దానిని వీధి వీధికీ తిప్పి అమ్ముతారు. నీళ్ళగా చిలికిన పెరుగులో నానిన గారె మీద వేడి బంగాళదుంప కూర పోసి ఇస్తారు. మన ఆవడ తిని పెరిగిన పిల్లలకు మొదటి ముద్దలో తెలిసినట్టే ఉండి, రెండో ముద్దలో కొత్తగా తోచే తిండి అది. బడి ఉత్సవానికి అంతకంటే ఏమి కావాలి?

ఇక పరిమాణం. భోజనాల లెక్క వేశారంటే మునిగిపోతారు. ఇట్లాంటి చోట ఒక్కో పిల్లవాడు ఐదారు బల్లల దగ్గర ఆగుతాడు, ఒక్కో దగ్గర రెండు మూడు చెంచాలు తింటాడు. కిలో బియ్యం ఉడికితే రెండున్నర కిలోల పైన అన్నం అవుతుంది కాబట్టి, మనిషికి 50 గ్రాముల చొప్పున కిలో బియ్యం 50 మందికి వస్తుంది. అందులోనూ వచ్చినవారందరూ మీ బల్ల దగ్గరకే రారు, సగం మంది వస్తే గొప్ప. ఈ లెక్క తెలియక మొదటి యేడు మేము 12 కిలోల బియ్యంతో పులిహోర కలిపాము. సాయంత్రం ఆ గంగాళాన్ని ఆటోలో పెట్టుకుని అరండల్‌పేట నుంచి కొత్తపేట దాకా కనిపించిన ప్రతి గుడి ముందూ ఆగి పంచవలసి వచ్చింది.

రెండో యేడు జరిగింది ఇంకొక రకం పొరపాటు. ఉదయం ఏడు గంటలకు వెళ్ళి, బడి భవనం నీడ చల్లగా పరుచుకుని ఉన్న చోటు చూసి బల్లలు వేసుకున్నాము. పదకొండు గంటలయ్యేసరికి ఆ నీడ మమ్మల్ని అక్కడే వదిలిపెట్టి గోడ దగ్గరకు చేరుకుంది. ఫిబ్రవరి ఎండే అయినా గుంటూరు ఎండ గుంటూరు ఎండే. పొద్దున రుబ్బిన కొబ్బరి పచ్చడి మీద సన్నని బుడగలు కనిపించాయి, మూత తీసేసరికి పులిసిన వాసన వచ్చింది. ఆ గిన్నె మొత్తం పారబోశాను. అందుచేత మీరు ముందు రోజు పదకొండు గంటలప్పుడొకసారి, ఒంటిగంటకొకసారి బడికి వెళ్ళి నీడ ఎక్కడ పడుతుందో చూసి, ముగ్గుపిండితో గీత గీసి రండి.

దహీబరా పెట్టేటట్లయితే గారెలు ఇంట్లో వేయించి, నీళ్ళలో నానబెట్టి, తడి పిండేసి, డబ్బాలో తెచ్చుకోవచ్చు. పెరుగును మాత్రం ఐసు డబ్బాలో వేరుగా ఉంచి, పాతికేసి గారెలకు సరిపడా అక్కడికక్కడ కలపాలి. ముందే కలిపి తెచ్చిన పెరుగు గారె మన ఎండకు ఆగదు.

అన్నట్టు కారం సంగతి కూడా చెప్పాలి. మా స్టాలులో మిరపకాయ బజ్జీలు వేసినప్పుడు గింజలన్నీ తీసేసి, వాము పొడి కూరి, "ఇది పసిపిల్లలు కూడా తినవచ్చు" అని అందరికీ అభయమిచ్చాము. మొదటి బజ్జీ తిన్న మలయాళీ బాబు మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర పావుగంట నిలబడిపోయాడు. గుంటూరువాళ్ళు తక్కువ కారమన్న మాటను ఎవరూ నమ్మకూడదని ఆనాడు నాకే అర్థమైంది.

వన్‌టౌన్ ఆడపడుచు

ఈ ప్రశ్న చదివిన తర్వాత జవాబు రాయకుండా ఉండలేకపోయాను. మా తాతగారు రాజస్థాన్ నుంచి వచ్చి వన్‌టౌన్‌లో బట్టల కొట్టు పెట్టారు. మా నాన్నగారు పుట్టింది ఇక్కడే, నేను పుట్టిందీ ఇక్కడే. తెలుగు మీడియంలో పదో తరగతి వరకు చదివాను, కృష్ణా పుష్కరాలకు మా వీధివాళ్ళతో కలిసి వెళ్ళి స్నానం చేసి వచ్చాను. అయినా మా బాబు బడిలో ఇట్లాంటి ఉత్సవం వచ్చినప్పుడల్లా నన్ను పిలిచి "మీరు దాల్ బాటీ (పప్పు, కాల్చిన గోధుమపిండి ఉండలు) తెచ్చి, ఘాఘ్రా కట్టుకుని నిలబడండి" అని చెబుతారు. చెప్పడమే తప్ప అడగడం ఉండదు.

మా ఇంట్లో దాల్ బాటీ చేయడం నెలకొకసారి కూడా జరగదు. శనగపిండిని చెయ్యంత పొడవున చుట్టి, ఉడికించి, ముక్కలు కోసి పెరుగు పులుసులో వేసే గట్టే కూర ఆదివారం తప్పనిసరిగా ఉంటుంది. ఆకుకూరలు దొరకని ఎడారి ఊళ్ళలో పుట్టిన కూర అది. ఆకుకూరలకు కొదవలేని ఈ ఊరికి వచ్చాక దాని పక్కన గోంగూర పచ్చడి చేరింది. మేము జైనులం కనుక ఆ గోంగూరలో ఉల్లి, వెల్లుల్లి వేయము. ఎండుమిరపకాయలు, మెంతులు, ఇంగువ పోపుతో చేస్తాము. మా అత్తగారు గోంగూర లేకపోతే ముద్ద ఎత్తరు.

రెండేళ్ళ క్రితం నేను గట్టే కూర, మా గోంగూర రెండూ కలిపి పెడతానని అన్నాను. "గోంగూర ఆంధ్రా స్టాలుది, మీది రాజస్థాన్ స్టాలు, రెండూ కలిపితే న్యాయనిర్ణేతలు మార్కులు తగ్గిస్తారు" అని చెప్పారు. నవ్వాలో ఏడవాలో తెలియక ఊరుకున్నాను. ఆ రోజు మా బాబు తలకు చుట్టిన రంగుల తలపాగాను మధ్యలోనే విప్పి నా సంచిలో కుక్కేసి, "అమ్మా, నేను విజయవాడ వాణ్ణే కదా, మరి వేషం నాకొక్కడికే ఎందుకు?" అని అడిగాడు. వాడి స్నేహితులు ఆంధ్రా స్టాలులో ప్యాంటు, చొక్కాలతోనే నిలబడి ఉన్నారు మరి.

అందుచేత మీ తరగతిలోని కుటుంబాలను "మీ రాష్ట్రపు వంట ఏమిటి" అని అడగవద్దని నా మనవి. "మీ ఇంట్లో పిల్లలు మళ్ళీ మళ్ళీ చేయమనేది ఏమిటి" అని అడగండి. జవాబులు మీరు ఊహించనివి వస్తాయి. బల్ల మీద పెట్టే అట్టముక్క మీద రాష్ట్రం పేరు పెద్ద అక్షరాలతో రాయించేకంటే, ఆ వంట ఎవరింటిదో, ఎప్పుడు చేసుకుంటారో, ఎవరు నేర్పారో ఆ ఇంటి పిల్లచేత వాళ్ళ దస్తూరీతో రాయించండి.

ఇంకొక చిన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మీ సెక్షనులోని మార్వాడీ కుటుంబాలు జైనులే అయితే వారికి ఉల్లి, వెల్లుల్లే కాదు, బంగాళదుంప, క్యారెట్, ముల్లంగి వంటి దుంపలు కూడా పనికిరావు. వారు తిననిది పక్క బల్ల మీద ఉండడం వల్ల ఏ ఇబ్బందీ లేదు. ఆలూదమ్ గిన్నెలో ముంచిన గరిటెనే వారి గిన్నెలో ముంచితే మాత్రం వారు తెచ్చినది వారే తినలేరు. నేను మా గరిటె కాడకు ఎర్ర దారం కట్టి పెడతాను, పిల్లలకు కూడా సులువుగా గుర్తుంటుంది.

అరండల్‌పేట మాస్టారు

ముప్పై రెండేళ్ళు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆడపడుచుగారి బాధ ముమ్మాటికీ న్యాయమైనది, ఆ పసివాడి ప్రశ్నకు ఏ బడి దగ్గరా జవాబు ఉండదు. అయినా బడివారు మీకు పంజాబ్ ఇవ్వడం అర్థంలేని పని అని మాత్రం నేను ఒప్పుకోను.

2015 అక్టోబరు 31న, సర్దార్ పటేల్ జయంతి నాడు ప్రధానమంత్రి ప్రకటించిన 'ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్' కార్యక్రమంలో రాష్ట్రాలను జంటలుగా కలిపినప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు జోడీగా వచ్చినది పంజాబే. ఇక్కడి బడుల్లో పంజాబీ పలకరింపులు, పాటలు, వంటలు నేర్పే అలవాటు అట్లా మొదలైంది. మీ బడివారికీ ఆ ఆలోచన అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. తనది కాని వంటను పిల్లవాడు చేతులారా చేసి నేర్చుకోవడం మంచిదే. ఎవరికి తోచినది వారిని తెమ్మంటే ఏమవుతుందో కూడా నేను చూశాను: ఒక యేడు మా బడిలో ఇరవై రెండు బల్లలు పెడితే తొమ్మిదింటి మీద గులాబ్ జామూన్లే ఉన్నాయి.

మరొక సంగతి ఎవరూ ప్రస్తావించలేదు కనుక చెబుతున్నాను. వేరే ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలను గౌరవిస్తున్నామన్న పేరుతో ప్రతి యేడూ ఆ నాలుగైదు ఇళ్ళ ఆడవారి చేతనే వంట చేయించడం కూడా భారమే అవుతుంది. లారీ బాడీలు కట్టే మేస్త్రిగారి భార్య రెండు వందల మందికి లిట్టీ చోఖా (పిండి కూరి కాల్చిన ఉండలు, కాల్చిన వంకాయ కూర) చేయాలంటే పుట్నాల పిండి, నెయ్యి, వంకాయలు ఆమె సొంత డబ్బుతో కొనాలా? తెల్లవారుజామున మూడింటికి లేచేది ఎవరు? బిల్లు తరగతి ఖర్చులో పడాలి. పదార్థం తక్కువైనా ఫరవాలేదని ముందే చెప్పాలి. వడ్డనకు, అంట్లకు మగవారు రావాలి. ఈ మూడూ కుదిరిన తర్వాతే వారిని అడగడం మర్యాద.

మీ పంజాబ్ విషయంలో నాదొక సలహా. హోటలు పనీరు తెప్పించవద్దు. గురుద్వారాలో లంగరు, అంటే వచ్చినవారందరికీ పెట్టే ఉచిత భోజనం, ఎట్లా జరుగుతుందో పిల్లలకు చెప్పి, అదే పద్ధతిలో వడ్డించండి. సిక్కుల మొదటి గురువు గురునానక్ కాలం నుంచి వస్తున్న ఆచారం అది. రాజూ పేదా తేడా లేకుండా అందరూ నేల మీద వరుసగా కూర్చోవాలి, వండినది అందరికీ ఒకటే, వడ్డించేవారు సేవగా వడ్డిస్తారు. అమృతసర్ స్వర్ణదేవాలయంలో ఈనాటికీ రోజూ వేలాదిమంది అట్లాగే తింటున్నారు. ఆ వరుసను వారు పంగత్ అంటారు. మన పంక్తి భోజనంలోని పంక్తి, ఆ పంగత్ ఒకే మాట. రాజ్మా, అన్నం, పాయసం చాలు. మొక్కజొన్న రొట్టె, ఆవాకు కూర పంజాబు చలికాలపు వంటలు, వాటికోసం ఊరంతా వెతకనవసరం లేదు. ముందు రాత్రి నానబెట్టిన రాజ్మా గింజలు మెత్తగా ఉడికితే మీ పని సగం అయినట్టే.

తలపాగాలు అద్దెకు తేవడం మానండి. సిక్కులకు అది మతధర్మంలో భాగం, నాటకాల సామగ్రి కాదు. పంగత్‌లో కూర్చునేవారు తల మీద చేతిరుమాలు కప్పుకుంటే చాలు. మీ పటమటకు దగ్గరలోనే గురునానక్ కాలనీ ఉంది. ఆ పేరు ఎవరిదో మీ సెక్షనులో ఎందరు పిల్లలకు తెలుసో ఒకసారి అడిగి చూడండి.

వార్డు నర్సు, లక్ష్మీపురం

పిల్లల వార్డులో పనిచేస్తాను కనుక పల్లీల విషయం ముందు రాస్తున్నాను. అక్కా, "అలర్జీ ఉన్న బాబు మా సెక్షను కాదు కదా" అని వదిలేయకండి; ఉత్సవం నాడు పిల్లలు అన్ని బల్లల దగ్గరకూ వస్తారు. మన వంటల్లో పల్లీ ఎక్కడెక్కడ దాగి ఉంటుందో ఒకసారి లెక్కపెట్టుకోండి. పులిహోర పోపులో, ఇడ్లీ పచ్చడిలో, వంకాయ కూర మసాలాలో, చిక్కీలో ఉంటుంది. వేయించిన నూనె కూడా పల్లీనూనె కావచ్చు. పదార్థం ముందు "ఇందులో పల్లీలు ఉన్నాయి" అని తెలుగులోను, ఇంగ్లీషులోను పెద్దగా రాసిపెట్టండి. నువ్వులు, జీడిపప్పు, పాలు, గుడ్డు, గోధుమ ఉన్నా అట్లాగే రాయండి. వీలైతే మీ స్టాలులో పల్లీ అసలే వాడకుండా ఉండడం ఇంకా నయం. ఆ బాబు తల్లితో ముందుగా మాట్లాడి, వాడికి వాడే మందు ఆ రోజు ఎవరి దగ్గర ఉంటుందో తెలుసుకోండి. తిన్న కాసేపటికే ఒంటి మీద దద్దుర్లు, పెదవుల వాపు, గొంతు బొంగురు, ఆయాసం, వాంతులు కనిపిస్తే "కాసేపు చూద్దాం" అనుకోకూడదు. డాక్టరు రాసిచ్చిన మందు వెంటనే ఇచ్చి 108కి ఫోను చేయాలి.

పాడవడం గురించి బ్రాడీపేట అన్నయ్య చెప్పినది అక్షరాలా నిజం. వండిన పదార్థం 5 డిగ్రీలకు, 60 డిగ్రీలకు మధ్య వేడిలో ఉన్నంతసేపూ అందులో సూక్ష్మక్రిములు త్వరత్వరగా పెరుగుతాయి. అందుకే బయట ఉంచిన తిండిని రెండు గంటల లోపు తినేయాలని చెబుతారు. తెల్లవారి ఐదింటికి వండి పన్నెండింటికి వడ్డించే అన్నానికి ఏడు గంటలు అవుతుందని మనం గమనించము. బియ్యంలో ఉండే ఒక రకం క్రిమి బీజాలు ఉడికినా చావవు, అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడు మళ్ళీ లేస్తాయి. పులిహోర కొంత నిలబడడానికి కారణం చింతపండు పులుపు. తెల్లన్నానికి, రాజ్మాకు ఆ రక్షణ లేదు, వాటిని పొగలు వచ్చేటంత వేడిగా హాట్ బాక్సులలో ఉంచి, రెండు విడతలుగా వండి తెప్పించుకోండి.

అక్కడే వేడి చేసుకుందామని ఇంటి గ్యాసు బండ మోసుకెళ్ళకండి. 14.2 కిలోల బండ ఇంటి వాడకానికి మాత్రమే ఇచ్చినది, బయట వంటలకు 19 కిలోల వాణిజ్య సిలిండరు తీసుకోవాలి. పిల్లలు పరుగెత్తే చోట మంట లేకపోవడమే అన్నిటికంటే మేలు. ఇండక్షన్ పొయ్యిలు పెట్టేవారు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు రెండు తగిలించకూడదు. ఒక్కోటి 2000 వాట్లు లాగుతుంది. మా అమ్మాయి బడిలో ఆ పని చేస్తే మైకుతో సహా మొత్తం కరెంటు పోయి, ముఖ్య అతిథి ప్రసంగం మధ్యలో ఆగింది. (దానికి ఎవరూ పెద్దగా బాధపడలేదనుకోండి.)

చేతికి ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, అదే చేత్తో చిల్లర తీసుకుని, మళ్ళీ గారె అందించేవారిని నేను చాలామందిని చూశాను. అంతకంటే సబ్బుతో కడుక్కున్న చెయ్యి, పొడవు కాడ గరిటె మంచివి. డబ్బు ముట్టుకునేవారు వేరు, వడ్డించేవారు వేరు ఉండాలి. బడి గేటు దగ్గరే కూపన్లు అమ్మితే ఈ బాధ ఉండదు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. బజ్జీలు, గారెలు పాత వార్తాపత్రికలలో పెట్టి ఇవ్వకండి, ఆ సిరా తిండికి అంటుతుంది. ఆకు దొప్పలు వాడండి.

పటమట అమ్మ

పది రోజుల తర్వాత రాస్తున్నాను, మన్నించాలి. మీరందరూ ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు.

ఫోనులో మాట్లాడితే మొహమాటపడతారని, సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్స్‌లో ఉన్న ఒడియా ఆవిడ ఇంటికే ఆదివారం మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆవిడ అప్పటికే మినప్పప్పు రుబ్బి ఉంచారు. నాకు అలవాటైన పని కదా అని పిండి అరచేతిలోకి తీసుకుని, తట్టి, మధ్యలో వేలితో చిల్లు పెట్టబోతుంటే ఆవిడ గబుక్కున నా మణికట్టు పట్టుకుని ఆపారు. వారింట్లో దహీబరాకు చిల్లు పెట్టరట. ఇద్దరమూ ఒకేసారి నవ్వాము. ఆ తర్వాత గ్రూపులో జరిగినదాని గురించి నేను క్షమాపణ చెప్పవలసిన అవసరం కూడా రాలేదు. మా అమ్మాయి "ఇది మన ఆవడే కదా, మీద కూర ఎందుకు పోశారు" అని మొదట మొహం చిట్లించింది, తర్వాత మూడు తిన్నది.

మాస్టారుగారి మాట, ఆడపడుచుగారి మాట రెండింటినీ పట్టుకుని ప్రిన్సిపాలుగారి దగ్గరకు వెళ్ళాను. నేను భయపడినంత ఏమీ జరగలేదు. పంజాబ్ మానకుండా ఉంటే చాలునని, దాని పక్కన ఇంకేమి పెట్టుకున్నా తమకు అభ్యంతరం లేదని చెప్పారు. కాబట్టి మా సెక్షను గది ముందు వరండాలో చాపలు పరిచి పంగత్ పెడుతున్నాము: రాజ్మా, అన్నం, పాయసం. రాజ్మా వండే బాధ్యత ఎవరు తీసుకున్నారో చెబితే ఆశ్చర్యపోతారు, గ్రూపులో "మనది పంజాబ్ కదండీ" అన్న ఆవిడే. పెళ్ళైన కొత్తలో నాలుగేళ్ళు లుధియానాలో ఉన్నారట. "నేను నియమం గుర్తుచేశాననుకున్నానే గానీ, ఆవిడ మనసు కష్టపెట్టుకుంటారని తోచలేదండీ" అని ఆవిడే బాధపడ్డారు. ఆ మాట నిజమేనని నాకు అనిపించింది.

వరండా చివర ఒకే బల్ల మీద నాలుగు ఇళ్ళ వంటలు ఉంటాయి. దహీబరా 150కి మించకుండా చేస్తారు. మేస్త్రిగారి భార్య వంకాయ, టమోటా కాల్చి చేసే చోఖా మాత్రం తెస్తామన్నారు, లిట్టీలు వద్దని మేమే అన్నాము. మన కాల్చిన వంకాయ పచ్చడికి అది వరుసకు అక్క అవుతుంది. మార్వాడీ కుటుంబాలలో ఒకరు గట్టే కూర ఇస్తామన్నారు, వారు నిజంగానే జైనులు, ఎర్ర దారం గరిటె మాట చెప్పగానే వారి ముఖం వికసించింది. మలయాళీ ఆవిడకు ఆ రోజు డ్యూటీ ఉంది కనుక ఏమీ అడగలేదు. ఉర్దూ మాట్లాడే ఒక తల్లి తాను వంట చేయనని, కూపన్ల దగ్గర కూర్చుంటానని అన్నారు. ఆవిడ బ్యాంకులో పనిచేస్తారు, అంతకంటే తగిన మనిషి ఉండరు. ఇక నాలుగో ఇల్లు మాదే, మా పిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగేది పెరుగు సేమ్యా అని తేలింది. ఏ రాష్ట్రం కింద రాయాలో తెలియక మా అమ్మాయి అట్టముక్క మీద "అమ్మకు ఓపిక లేని రోజు వంట" అని రాసింది. మార్చమని చెప్పాలనుకుని ఊరుకున్నాను.

మొత్తం స్టాలులో పల్లీ వాడడం లేదు, నూనె కూడా పొద్దుతిరుగుడుదే. ఆరో తరగతి బాబు తల్లితో మాట్లాడాను. వంటల ఖర్చు తరగతి డబ్బులో నుంచి ముందే ఇచ్చేశాము. అంట్ల దగ్గరకు ఐదుగురు నాన్నలు పేర్లు ఇచ్చారు, అందులో మా వారి పేరు నేనే రాశాను.

ఒక్కటే మిగిలింది. పంగత్‌కు ఆకు విస్తళ్ళు సరిపోతాయి, పాయసానికి, మంచినీళ్ళకు స్టీలు గిన్నెలు, గ్లాసులు ఒక్కొక్కటి వంద కావాలి. ఇవి అద్దెకు ఎక్కడ దొరుకుతాయి?

బ్రాడీపేట నాన్న

షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే సప్లయర్స్ కొట్లలోనే దొరుకుతాయమ్మా, మీ బడికి కుర్చీలు పంపేవారినే అడగండి. వందకు బదులు అరవై చాలు. పాతికమందిని ఒక వరుసగా కూర్చోబెడితే పావుగంటలో లేస్తారు, ఒక వరుస తింటుండగా ముందు వరుసవి కడుక్కోవచ్చు, అందుకే కదా ఐదుగురు నాన్నలు. అయితే కడిగిన నీళ్ళు వరండాలోకి పారకుండా అంట్ల తొట్లు ముందే కుళాయి వైపు పెట్టించండి, తడి గచ్చు మీద పిల్లలు జారతారు. తీసుకునేటప్పుడు కొట్టువాని ముందే లెక్కపెట్టి, సొట్టలు ఉన్నవాటిని పక్కకు తీయించి, కాగితం మీద సంతకం పెట్టించుకోండి. చెంచాలు మాత్రం అద్దెకు తీసుకోకండి. మూడేళ్ళలో ఒక్కసారి కూడా మాకు వాటి లెక్క సరిపోలేదు.